డిస్నీ యాత్రలో మజిలీలు

(సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీతం గురించి, సాహిత్యం గురించి పెద్దలు మాట్లాడిన ఈ వేదిక మీద మాలాంటివాళ్లకేం పని అని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కార్యదర్శిగారు మాత్రం ఊరుకోలేదు. "ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే మనవాళ్లు నయాగరా చూపిస్తారు, ఆ తరువాత డిస్నీ చూపిస్తారు. మీరు రెండుసార్లు వెళ్లారు. ఒకసారి చెడగొట్టుకున్నారు, ఒకసారి బాగుచేసుకున్నారు. ఆ రెండూ చెప్పండి చాలు" అన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ల కాలానికి ఆర్లాండో లేదు కనుక మూడోది చెప్పలేకపోయారు!

ముందుగా ఆ స్థలం సంగతి. వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ కట్టారు. చూస్తూండగానే దాని చుట్టూ హోటళ్లూ దుకాణాలూ లేచి, పెరగడానికి చోటు లేకుండా పోయింది. ఆ అనుభవంతో ఫ్లారిడాలో ముందుగానే దాదాపు 27,000 ఎకరాలు కొన్నారు. అక్కడ తెరిచింది చూడకుండానే 1966లో ఆయన పోయారు. అన్నగారు రాయ్ డిస్నీ పని పూర్తిచేయించి 1971 అక్టోబరు 1న డిస్నీ వరల్డ్ తెరిచారు. మొదట మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కటే ఉండేది. 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచే పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఇవన్నీ ఒక ప్రాకారంలో ఉన్న నాలుగు మండపాలు కావు. ఒకదాని నుంచి ఒకదానికి సాధారణంగా ఏదో ఒక వాహనంలో వెళ్లాలి. ఈ సంగతి మాకు వెళ్లేదాకా తెలియదు.

మొదటిసారి మేము వెళ్లింది 2016 జులైలో. మేమిద్దరం, ఐదేళ్ల అబ్బాయి, మూడేళ్ల అమ్మాయి, ఊరినుంచి వచ్చిన మా నాన్నగారు. అక్కయ్య పురిటి సమయమని అమ్మ రాలేదు. నాన్నగారు హైస్కూలు మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒహాయో నుంచి అంత దూరం వెళుతున్నాం, టిక్కెట్లకు అంత పోస్తున్నాం, ఒక్క గంట కూడా వృథా కాకూడదని మా పట్టుదల. నాలుగు రోజులు, నాలుగు పార్కులు. పొద్దున్న గేటు తీయకముందే నిలబడాలి, రాత్రి బాణసంచా అయ్యాకే కదలాలి. ఫ్లారిడాలో జులై ఎండ మన రోహిణి ఎండకు తీసిపోదు. దానికి ఉక్క తోడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఉరుములు, కుండపోత వాన. రెండో రోజు మధ్యాహ్నానికి నాన్నగారు ఒక బెంచీ మీద కూర్చుని, "మీరు వెళ్లి రండిరా, నేను సామాను చూస్తాను" అన్నారు. మేము సరేనన్నాం. మూడో రోజూ అంతే, నాలుగో రోజూ అంతే.

ఇంటికి వచ్చి ఫోటోలు చూసుకుంటే నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. నాన్నగారు ఉన్నవి ఆరు. ఊరికి తిరిగి వెళ్లాక ఎవరో "అమెరికాలో ఏం చూశారు మాస్టారూ?" అని అడిగారట. "సామాను చూశాను" అన్నారట. అమ్మ ఫోనులో నవ్వుతూనే చెప్పింది. మేమూ నవ్వాం. మరుసటి ఏడు నాన్నగారు పోయారు. ఆ తరువాత ఆ మాటకు మాకు నవ్వు రాలేదు.

2024లో అమ్మ వచ్చింది. ఆమెకు డెబ్బై దాటింది, మోకాళ్ల నొప్పులు. పిల్లలు మళ్లీ డిస్నీ అన్నారు. ఈసారి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు గుర్తుకు వచ్చింది చిన్నప్పుడు నాన్నగారు చదివించిన పుస్తకం, మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడు ఒక పశువులకాపరి కుర్రవాడిని వెంటబెట్టుకుని కాశీకి నడుస్తాడు. ఆగిన ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. అన్ని సంపుటాల పుస్తకంలో మనకు గుర్తుండేది నడక కాదు, ఆగిన చోట చెప్పిన కథలు. మొదటిసారి మేము మజిలీ లేకుండా యాత్ర చేశాం. అదీ మా తప్పు.

కాబట్టి ఈసారి పది రోజులు అనుకున్నాం. అందులో ఐదు రోజులు పార్కు, ఐదు రోజులు మజిలీ. "ఇంత ఖర్చు పెట్టి వెళ్లి సగం రోజులు పార్కు మానేస్తారా?" అని మిత్రులు ఆశ్చర్యపోయారు. ఇక్కడే ఒక చిన్న లెక్క ఉంది. టిక్కెట్టుకు రోజులు పెరిగినకొద్దీ రోజు ఒక్కింటికి ధర తగ్గుతుంది. అంతేకాదు, ఆ రోజులు వరుసగా వాడనక్కరలేదు. మేము కొన్నప్పుడు ఐదు రోజుల టిక్కెట్టును ఎనిమిది రోజుల్లోగా, మూడు రోజులదాన్ని ఐదు రోజుల్లోగా వాడుకోవచ్చు. అంటే విశ్రాంతి రోజులకు టిక్కెట్టులోనే చోటుంది. మనమే దాన్ని వాడుకోం. తేదీని బట్టి కూడా ధర మారుతుంది కనుక బడి సెలవుల రద్దీ తప్పించుకుని, ఫిబ్రవరి మొదట్లో పిల్లల బడికి సెలవు చీటీలు రాసి బయలుదేరాం. ఇంకొక సంగతి. మూడేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. పదేళ్లు నిండితే పెద్దల టిక్కెట్టే. మొదటి ప్రయాణానికీ రెండోదానికీ మధ్య మా పిల్లలిద్దరూ ఆ గీత దాటేశారు!

అందరికీ ఒకే టిక్కెట్టు కొనాలన్న నియమమూ లేదు. మాకు ఐదు రోజులవి, అమ్మకు మూడు రోజులది తీసుకున్నాం. రెండో రోజు, నాలుగో రోజు, ఆరో రోజు అందరం కలిసి మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్, ఎప్‌కాట్ చూశాం. ఎనిమిది, తొమ్మిది రోజుల్లో పిల్లలతో ఒకరం వెళితే, అమ్మతో ఒకరం ఉండిపోయాం. ఒకటి, మూడు, ఐదు, ఏడు, పది మజిలీ రోజులు.

బస సంగతి. డిస్నీవారి హోటల్లో దిగితే పార్కుకు అరగంట ముందు వెళ్లనిస్తారు, వాళ్ల బస్సులు తిప్పుతాయి. మేము మాత్రం కిస్సిమీ వైపు వంటిల్లూ చిన్న ఈతకొలనూ ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. కారణం ఒక్కటే, అమ్మ పొద్దున్నే తన కాఫీ తను కలుపుకోగలగాలి. దిగిన రోజు సాయంత్రం పార్కు ఊసే ఎత్తలేదు. కూరగాయలు తెచ్చుకుని చారు కాచుకుని తిని పడుకున్నాం. పార్కులోకి తిండి తీసుకువెళ్లనివ్వరేమో అని చాలామందికి అనుమానం. గాజు సీసాలూ మద్యమూ కూడదు గాని, మన పులిహోర, చపాతీలు నిక్షేపంగా తీసుకువెళ్లవచ్చు. కౌంటరులో అడిగితే చల్లని మంచినీళ్లు ఊరికే ఇస్తారు.

అమ్మకు వీల్‌చెయిర్ తీసుకుందామంటే "నాకేం ఖర్మ!" అంది. పార్కులో నడక మామూలు నడక కాదు. మా ఫోను లెక్క ప్రకారం మొదటి రోజు మేము 9 మైళ్లు నడిచాం. "నీకు కాదమ్మా, సామానుకు. నువ్వు సామాను పట్టుకుని కూర్చో" అన్నాం. ఆ మాట మీద ఒప్పుకుంది. ఈసారి సామానూ మాతోనే తిరిగింది, సామాను పట్టుకున్న మనిషీ మాతోనే తిరిగింది.

పెద్దవాళ్లకు ఏమేం బాగుంటాయని మీరు అడుగుతారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో చుట్టూ తిరిగే రైలుబండి ఉంది. కెరొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అని కూర్చున్న చోటే హాలు తిరిగే నాటకం ఉంది. అది 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు తయారైనది. ఎప్‌కాట్‌లో లివింగ్ విత్ ది ల్యాండ్ అనే పడవ ప్రయాణం. మట్టి లేకుండా, వేళ్లు గాలిలో వేలాడుతూ పెరిగే మొక్కల మధ్య నుంచి పడవ సాగుతుంది. వ్యవసాయపు ఇంట్లో పుట్టిన మా అమ్మ రెండుసార్లు ఎక్కింది. పిల్లల పెద్ద రైడ్లకు క్యూలు గంటల తరబడి ఉంటాయి. ఫాస్ట్‌పాస్ పేరుతో 1999లో ఉచితంగా మొదలైన సదుపాయం 2021లో డబ్బు కట్టే లైట్నింగ్ లేన్ అయింది. తిరుమల ప్రత్యేక దర్శనం తెలిసిన మనకు దీన్ని వేరే వివరించనక్కరలేదు. రోజూ కొనకండి. రద్దీ ఎక్కువగా ఉండే ఒకటి రెండు రోజులకు చాలు. చంటిపిల్లలు ఉన్నవాళ్లు రైడర్ స్విచ్ అడగండి. తల్లి ఎక్కి వచ్చేదాకా తండ్రి పిల్లను ఎత్తుకుని ఉంటే, తరువాత తండ్రి మళ్లీ మొత్తం క్యూలో నిలబడనక్కరలేదు.

ఎప్‌కాట్‌లో సరస్సు చుట్టూ పదకొండు దేశాల మంటపాలు ఉన్నాయి. మెక్సికో నుంచి కెనడా దాకా చుట్టి వచ్చాక అమ్మ "మనది లేదేమిటే?" అని మనవరాలిని అడిగింది. అది గుక్క తిప్పుకోకుండా పులిహోర డబ్బా మూత తీసి, "ఇదిగో నానమ్మా, పన్నెండోది!" అంది.

ఇక మజిలీలు. మూడో రోజు పొద్దెక్కేదాకా పడుకున్నాం. బట్టలు ఉతుక్కున్నాం. పిల్లలు కొలనులో పడ్డారు. సాయంత్రం పాలినీషియన్ హోటల్లో భోజనానికి ముందుగా చోటు చెప్పుకుని వెళ్లాం. అక్కడ మోనోరైలు ఎక్కడానికి టిక్కెట్టు లేదు. సరస్సు ఒడ్డున ఇసుకలో కూర్చుంటే మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా నీళ్లకు అవతల కనబడుతుంది. తోపులాట లేదు, మెడ నొప్పి లేదు.

ఐదో రోజు పొద్దున్నే ఆర్లాండోకు ఉత్తరాన ఉన్న బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్కుకు వెళ్లాం. అక్కడి ఊటనీరు ఏడాది పొడుగునా 72 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనంలో ఉంటుంది. చలికాలంలో నది చల్లబడగానే మనాటీలు, అంటే సముద్రపు ఆవులు, ఆ ఊటలోకి వచ్చి చేరతాయి. చెక్కబాట మీద నిలబడి చూడటమే. అవి తొందరపడవు, మనల్నీ తొందరపెట్టవు. ఆలస్యమైతే జనం నిండి గేటు మూసేస్తారు, త్వరగా వెళ్లండి. తిరుగుదారిలో కాసెల్‌బెర్రీ హిందూ దేవాలయంలో దర్శనం చేసుకున్నాం. రాకెట్ల మీద ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఆ రోజును కెన్నెడీ అంతరిక్ష కేంద్రానికి కేటాయించవచ్చు. సుమారు గంట ప్రయాణం. 1969 జులైలో అపోలో 11 లేచిన చోటు అదే. చంద్రుడి మీదికి మనుషులను పంపిన సాటర్న్ 5 రకం రాకెట్టును అక్కడ పడుకోబెట్టి ఉంచారు.

ఏడో రోజు మధ్యాహ్నం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో సనా అనే భోజనశాలకు వెళ్లాం. దానికి పార్కు టిక్కెట్టు అక్కరలేదు. చోటు మాత్రం అరవై రోజుల ముందు నుంచే చెప్పుకోవచ్చు. నాన్ రొట్టెలూ, రకరకాల పచ్చళ్లూ వడ్డిస్తారు. కిటికీ అవతల జిరాఫీలూ జీబ్రాలూ మేస్తూంటాయి.

ఆ సాయంత్రం ఇంటి వెనక వరండాలో కూర్చున్నాం. పనేమీ లేదు, వెళ్లవలసిన చోటేమీ లేదు. అబ్బాయి ఉన్నట్టుండి, "నానమ్మా, తాతయ్యకు డిస్నీ నచ్చలేదా?" అని అడిగాడు. మాకు నోట మాట రాలేదు. అమ్మ నవ్వింది. "ఎవరన్నారు? ఆ బెంచీ సంగతి ఊళ్లో చెప్పని రోజు లేదు" అంది. నాన్నగారి పక్కన ఇంకొక ముసలాయన కూర్చున్నాడట, ఆయన కుటుంబం సామానుకు కాపలాగా. పసుపుపచ్చ బంతి ఆటగాళ్ల చొక్కా వేసుకున్నాడట, బ్రెజిల్ మనిషి. ఒకరి భాష ఒకరికి రాదు. నాన్నగారు సంచిలో చేగోడీలు తీసి పెట్టారట. ఆయన మనవల ఫోటోలు చూపించాడట. నాన్నగారు లేచి వెళితే ఆయన, ఆయన లేచి వెళితే నాన్నగారు, ఒకరి సామాను ఒకరు చూసుకున్నారట. "సామాను చూశాను అని అందరినీ నవ్వించి, ఆ తరువాత ఈ కథ మొదలుపెట్టేవారు" అంది అమ్మ.

ఆ కథ వినడానికి మాకు ఏడేళ్లు దాటి పట్టింది. నాన్నగారు ఉన్నప్పుడే, ఆ బెంచీ మీదనే, పక్కన కూర్చుని ఒక్క గంట గడిపి ఉంటే ఆయన నోటనే వినేవాళ్లం. మేము అప్పుడు క్యూలో ఉన్నాం.

మిత్రులారా! మన అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చేది ఆరు నెలలకు. వచ్చేసారి వస్తారో రారో తెలియదు. చూపించవలసినవి చూపించండి, మేమేమీ కాదనం. కాని ప్రయాణం వేసుకునేటప్పుడు రెండు పార్కుల మధ్య ఒక ఖాళీ రోజు ముందే రాసి పెట్టుకోండి. పెద్దవాళ్ల కాళ్లను బట్టి రోజులు లెక్కపెట్టండి, టిక్కెట్టు ధరను బట్టి కాదు. ఆ ఖాళీ రోజున ఏం చేయాలని మమ్మల్ని అడగకండి. కాఫీ పెట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. మిగిలినది వాళ్లే చెబుతారు.