బూటులో గులకరాయి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇలాంటి సభల్లో యుద్ధాల గురించి మాట్లాడతారు. నేను నా కాలి గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు ముందు నవ్వారు. కాసేపాగి "నాకూ ఉందండీ ఆ నొప్పి" అన్నారు. అలా ఈ పది నిమిషాలు నాకు దొరికాయి.

నేను ఆర్టిలరీలో 26 ఏళ్ళు పనిచేశాను. గోల్కొండ సెంటర్లో ట్రైనింగ్. పదిహేడో ఏడు సర్వీసులో కుడి అరికాలి ముందుభాగంలో, రెండో మూడో వేళ్ళ మొదట్లో నొప్పి మొదలైంది. బూటులో గులకరాయి పడ్డట్టుండేది. విప్పి దులిపితే ఏ రాయీ ఉండదు. బి.పి.ఇ.టి. ఐదు కిలోమీటర్ల పరుగు అయ్యాక ఆ కాలు నేలకి ఆనించలేకపోయేవాణ్ణి. అయినా ఎం.ఐ. రూముకి వెళ్ళలేదు. ఎందుకో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. లో మెడికల్ కేటగిరీ పడితే నాయబ్ సుబేదారు ప్రమోషన్ ఏమవుతుందోనని భయం. సాక్సు మడతలు పెట్టి నెట్టుకొచ్చాను. ప్రమోషన్ వచ్చింది. నొప్పి కూడా నాతోపాటే పెన్షన్‌కి వచ్చింది.

రిటైరయ్యాక ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్వైజరుగా చేరాను. 8 గంటలు నిలబడే డ్యూటీ. రెండో ఏడాదికి మధ్యాహ్నం దాటితే కుంటుతున్నాను. మేనేజరు మర్యాదగానే "సాబ్, మీ చోట్లో ఇంకొకర్ని చూసుకోమంటారా" అని అడిగాడు. మా అమ్మాయి చదువు అప్పటికింకా రెండేళ్ళుంది.

అప్పుడు వెళ్ళాను ఎముకల డాక్టరు దగ్గరికి. ఎక్స్‌రే తీయించి, పాదాన్ని రెండు పక్కలనుంచీ నొక్కి చూసి, మెటటార్సాల్జియా అన్నారు. వేళ్ళ వెనకుండే పొడుగాటి ఎముకల తలలమీద బరువు మోతాదు మించి పడటమట. కొలతమీద బూటు అట్టలు చేయించుకోమన్నారు.

అంతకుముందే బజారులో జెల్ మెత్త కొన్నాను. మొదటి గంట హాయి, తర్వాత మామూలే. కొలత అట్టలవాళ్ళు నా కాలిని ఫోము పెట్టెలో నొక్కించి అచ్చు తీశారు. నెల జీతంలో సగం పోయింది. వేసుకున్న మూడో రోజుకి నొప్పి పెరిగింది. అడిగితే "అలవాటవుతుంది" అన్నారు.

గుండు గురి తప్పితే గన్‌ని తిట్టం కదా, ఎక్కడ పడిందో చూసి కరెక్షన్ ఇస్తాం. ఒక నోటుబుక్కు పెట్టాను. అవే బూట్లు, అవే సాక్సులు, అదే 3 కిలోమీటర్ల దారి. నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాయడం. ఒకసారికి ఒకే మార్పు. ముందు తెలిసిందేమిటంటే, బూటుతో వచ్చిన పాత అట్ట తీయకుండా దానిమీదే కొత్తది వేశాను. లోపల జాగా చాలక వేళ్ళు నలిగిపోతున్నాయి. పాతది తీసేస్తే 8 నుంచి 6కి దిగింది.

తర్వాత మా ఆవిడ తిలకం సీసా అడిగాను. (ఆవిడేమందో ఇక్కడ చెప్పను.) నొప్పి పుట్టే చోట తిలకం పూసి, వట్టికాలితో బూటు తొడిగి, నిలబడి, విప్పాను. అట్టమీద ఎర్రటి మచ్చ పడింది, సరిగ్గా అందులోని బొడిపె మీదే! ఆ బొడిపె ఎముకల తలల కింద కాదు, వాటికి కాస్త వెనక, మడమవైపు ఉండాలి. అప్పుడే పాదాన్ని అక్కడ ఎత్తిపట్టి తలలమీది బరువు తగ్గిస్తుంది. నాది మాత్రం పుండుమీద వేలు పెట్టినట్టుంది. మచ్చ చూపిస్తే అట్టలు చేసే కుర్రవాడు వాదించలేదు. బొడిపె ఊడదీసి 8 మిల్లీమీటర్లు వెనక్కి అంటించాడు. మొదటిరోజు గంట, మర్నాడు రెండు, అలా పెంచుకుంటూ పోయాను. మూడు వారాలకు 2. సున్నా ఎప్పుడూ కాలేదు. డ్యూటీ మాత్రం నిలబడింది, అమ్మాయి చదువూ పూర్తయింది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకొక మాట. రూట్ మార్చ్‌లు పెరిగిన రోజుల్లో పాదం పైన వాపు, ఒకేచోట పోటు వస్తే అట్టల జోలికి పోకుండా ఎం.ఐ. రూముకి వెళ్ళండి. ఎముక చిట్లి ఉండొచ్చు. 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ సైనికుల పాదాల్లో ఈ వాపు గురించి రాశాడు. ఎక్స్‌రే లేని రోజులు కనుక ఎముక సంగతి ఆయనకి తెలియలేదు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా ఒక్కోసారి కనబడదు. షుగరున్న పెద్దలు నా తిలకం పద్ధతిని నమ్ముకోవద్దు. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడుతున్నా తెలియదు. కొత్త అట్ట వేసిన రోజుల్లో రాత్రిపూట అరికాలు ఎవరిచేతనైనా చూపించుకోండి.

ఇంతసేపూ నిలబడే మాట్లాడాను. అట్టలు బూట్లలోనే ఉన్నాయి. చూడాలనుకునేవాళ్ళు భోజనాలయ్యాక రండి, విప్పి చూపిస్తాను. భయపడకండి, సాక్సులు ఈ పొద్దున వేసుకున్నవే.