ఫెలోషిప్ కూడా మన వాటానే
(నిడదవోలు విద్యార్థుల సమావేశంలో ఒక జర్నలిస్టు ప్రసంగ పాఠం)



తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాడికి నిడదవోలులో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. మేం రాష్ట్రం అడిగినం గానీ మనుషుల్ని కాదనలేదు. 2009 డిసెంబర్‌లో డిగ్రీ పుస్తకాలు పక్కన పెట్టి రోడ్డెక్కిన వాళ్లలో నేనొకణ్ణి. ఆనాడు మా నినాదం నీళ్లు, నిధులు, నియామకాలు. అందులో చేరాల్సిన మాట ఇంకొకటుంది: పరిశోధన.

1969లో జై తెలంగాణ, 1972లో జై ఆంధ్ర. రెండు వైపులా విద్యార్థులు తూటాలకు బలయ్యారు. ఆ తర్వాత 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేరింది. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. 2014 విభజన చట్టం హామీతోనే అనంతపురంలో 2018లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరం జిల్లాలో 2019లో గిరిజన విశ్వవిద్యాలయం మొదలయ్యాయి. ఉద్యమాలు తెచ్చిన ఈ చదువుల్లో మన పిల్లలు ఎక్కడున్నారు?

కౌలు రైతు బిడ్డ ఎం.ఏ. పాసైతే ఇంట్లో అడిగేది ఒక్కటే: ఇంకా ఐదేళ్లు చదివితే ఇల్లెట్లా గడుస్తది? అందుకే ఫెలోషిప్ సంగతి చెప్పాలి. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆపైన 42 వేలు. 2023 జనవరి నుంచి ఇదీ లెక్క. మొత్తం ఐదేళ్లు. పీజీలో 55 శాతం మార్కులు, రిజర్వుడు వర్గాలకు 50. వయసు 30 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. పరీక్ష ఏడాదికి రెండుసార్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు.

జేఆర్ఎఫ్ రాకపోయినా దారి మూసుకుపోదు. 2024 నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ ప్రవేశం పొందొచ్చు. మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఆ అర్హత ఏడాదే చెల్లుతుంది, జాగ్రత్త. ఇంటర్వ్యూలో అడిగేది మీ అంశం గురించి. దాన్ని ఎక్కడో వెతకొద్దు. కౌలు, కాలువలు, చేపల చెరువులు మీ కళ్ల ముందే ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీటి కథ మీరు రాయకపోతే ఇంకెవరో రాస్తారు. ఆ అంశం మీద పనిచేసే ప్రొఫెసర్ వ్యాసాలు చదివి, మీ ప్రశ్నేమిటో రెండు పేజీల్లో రాసి, ఆయన దగ్గర ఖాళీ ఉందో లేదో ముందే అడగండి.

సీటొస్తే సరిపోదు, డబ్బు చేతికి రావాలి. రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసిన చివరి లేఖలో కూడా, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై ఐదు వేలు, తన ఇంటివాళ్లకు అందేలా చూడమని ఉంది. నెలనెలా రావాల్సిన సొమ్ము ఆగితే ఇల్లు ఆగుతుంది.

కాబట్టి మన డిమాండ్లు మూడు. భాషా సబ్జెక్టులు పోను నెట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తోంది. తెలుగులో కూడా ఇవ్వాలి. రాజమండ్రి నన్నయ విశ్వవిద్యాలయం లాంటి రాష్ట్ర విద్యాసంస్థల్లో జేఆర్ఎఫ్ లేని పరిశోధకులకు రెండు ప్రభుత్వాలూ ఫెలోషిప్ ఇవ్వాలి. ఇచ్చేది ఏ నెలది ఆ నెల ఇవ్వాలి.

ఈసారి నోటిఫికేషన్ పడగానే దరఖాస్తు పెట్టండి. పక్కింటి చెల్లెలితో కూడా పెట్టించండి. దరఖాస్తులే లేకపోతే అడిగేవాళ్లే లేరంటారు. అడగనిదే ఏదీ రాదని రెండు ప్రాంతాల ఉద్యమాలూ మనకు నేర్పినయి.