గామా ట్యుబ్యులిన్: కణంలో నాళికల పునాది

నెల్లూరు, కాకినాడ తీరాల రొయ్యల హేచరీల్లో రొయ్యపిల్లలకు మేతగా వేసే అతిచిన్న క్రస్టేషియన్ జీవి ఆర్టీమియా. ఎండిన దాని కోశాలను ఉప్పునీటిలో వేసి గాలి పంపితే, సుమారు ఒక రోజులో లార్వాలు వస్తాయి.

కోశంలోని పిండంలో దాదాపు 4000 కణాలుంటాయి. పిండం కోశాన్ని పగులగొట్టుకుని బయటపడేదాకా ఆ సంఖ్య పెరగదు. కణవిభజన ఆ తరువాతే మళ్లీ మొదలవుతుంది.

విభజనలో క్రోమోసోములను సమానంగా పంచేవి కండె పోగులు. ఇవి సుమారు 25 నానోమీటర్ల వ్యాసం గల సూక్ష్మనాళికలు. ఆల్ఫా, బీటా ట్యుబ్యులిన్ల జతలు ఒకదానిపై ఒకటి చేరి నాళిక గోడ అవుతుంది. మరి నాళిక ఎక్కడ మొదలుకావాలి? దాన్ని నిర్ణయించడంలో ముఖ్యపాత్ర గామా ట్యుబ్యులిన్‌ది. 1989లో ఆస్పర్జిల్లస్ అనే బూజులో దీన్ని మొదట గుర్తించారు. మరికొన్ని ప్రోటీన్లతో కలిసి ఉంగరంలా అమరి, ఇది నాళికకు అచ్చుగా నిలుస్తుంది. 1998లో ఆర్టీమియా లార్వా బాహ్యచర్మ కణాల్లోనూ దీన్ని వర్ణించారు.

ఈ పునాది చెదిరితే క్రోమోసోముల పంపకం తప్పుతుంది, పిల్లకణాలు దెబ్బతింటాయి.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో చదువుకుంటున్న మీ కణాల్లోనూ ఉన్నది ఈ గామా ట్యుబ్యులినే. ఇక ఆలోచించండి: కణాల సంఖ్య పెరగకుండానే పిండం లార్వా రూపం ఎలా పొందింది? కణాలు ఆకారాన్నీ, స్థానాన్నీ మార్చుకోవడం వల్ల. కణానికి ఆకృతినిచ్చేదీ సూక్ష్మనాళికలే కనుక, వాటి పని విభజనతోనే ముగియదని గుర్తుంచుకోండి.