మూత్రాశయం తీసేశాక

మూత్రాశయ క్యాన్సర్ లోపలి కండరం దాకా పాకితే, మగవారికి సాధారణంగా మూత్రాశయంతోపాటు ప్రోస్టేట్ గ్రంథినీ తీసేస్తారు. ఒకప్పుడు ఈ ఆపరేషన్ అయిందంటే చాలామంది దాంపత్య సుఖం మీద ఆశ వదులుకోవాల్సిందే. అంగస్తంభన కలిగించే నరాలు ఎటు వెళ్తాయో సర్జన్లకే సరిగా తెలియదు మరి!

1981లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, రిటైరైన ప్రొఫెసర్ పీటర్ డోంకర్, అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ కలిసి ఆ దారి కనిపెట్టారు. ప్రోస్టేట్‌కు ఇరుపక్కలా, కాస్త వెనగ్గా, సన్నటి పోగుల్లా ఉన్నాయవి. మరుసటేడే వాల్ష్ వాటిని కాపాడుతూ ప్రోస్టేట్ ఆపరేషన్ చేశారు. తర్వాత మూత్రాశయానికీ ఆ పద్ధతి వచ్చింది. గడ్డ ఆ నరాల దాకా వచ్చి ఉంటే మాత్రం కుదరదు, ముందు ప్రాణం కదా. నరాలు దక్కినా వీర్యం రాదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే దాచుకోవాలి.

ఇక మూత్రం సంగతి. కొందరికి చిన్నపేగు ముక్కతో సంచి కుట్టి మూత్రమార్గానికి కలుపుతారు. పేగుకు మూత్రం వస్తోందని చెప్పడం తెలియదు. అందుకే గడియారం చూసి వెళ్లాలి, రాత్రి అలారం పెట్టుకోవాలి. కూర్చుని, కింది కండరాలు వదులు చేసి, పొట్ట బిగించి పోయాలి. మూత్రంలో జిగురు కనిపిస్తే కంగారొద్దు, అది పేగు గుణం. పగటి తడి ముందు తగ్గుతుంది. పక్క తడవడం మాత్రం కొందరికి నెలల తరబడి ఉంటుంది.