ఉరితాడూ మన మెడలూ

(ఆత్మకూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని ఉరిశిక్ష మీద మాట్లాడమన్నరు. ఇది వకీళ్లు మాట్లాడే సంగతి, మాకెందుకనుకున్నం. కానీ పోయినసారి ఈ వాడకట్టుకే వచ్చినప్పుడు ఒక అవ్వ లేచి అడిగింది: "చుండూరుల మనోళ్లను నరికి గోనెసంచుల్ల కుక్కి కాలువల పారేసినోళ్లకు ఉరి వద్దంటరా బిడ్డా?" ఆనాడు మేము నీళ్లు నమిలినం. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇవాళ నిలబడ్డం.

జర వెనక్కి పోదాం. ఉరి రాకముందు కూడా మన మెడల మీద చాలా ఉండేవి. బొండకొయ్య సంగతి మీ తాతలను అడుగుండ్రి. పన్ను కట్టలేదనో, వెట్టికి రాలేదనో రెండు కాళ్లూ కొయ్య బొక్కల్ల పెట్టి బిగించేవాళ్లు. కోదండం వేయడం బడి పిల్లలకు కూడా తెలుసు. అంతకు ముందు రాజుల కాలంలో కొరత వేయడం ఉండేది. ఈ మాటలన్నీ మన భాషలో ఇంకా బతికే ఉన్నయి. ఇంకో మాట ఉంది, తలారి. పుస్తకాల్లో తలారి అంటే తల నరికేవాడు. ఊర్లో తలారి అంటే కావలి కాసేవాడు, దండోరా వేసేవాడు. ఆ పని చాలా ఊర్లల్ల మన ఇండ్లకే అంటగట్టిన్రు. దెబ్బ తినేటోడూ మనోడే, దొర హుకుం మీద తాడు పట్టుకునేటోడూ మనోడే. తీర్పు చెప్పేటోడు మాత్రం ఎన్నడూ మన వాడకట్టు వాడు కాదు.

కథల్లోనూ అంతే. ఉత్తరకాండలో శంబుకుడు చేసిన నేరం ఏమిటి? తపస్సు. ఫిర్యాదు చేసినోడు బ్రాహ్మణుడు, విచారణ చేసినోడు రాజు, తల నరికినోడు కూడా ఆ రాజే. సాక్షులు లేరు, వకీలు లేడు, అప్పీలు లేదు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుకవధ’ నాటకం రాసి ఇదేం న్యాయమని నిలదీసిండు. ఆయన మన కులం వాడు కాదు, అయినా ఆ ప్రశ్న మనది.

మన ఊర్లల్ల తెల్లవారేదాకా ఆడే హరిశ్చంద్ర నాటకం చూడండి. కాటిసీను కోసం జనం నిద్రకాస్తరు. జాషువా పద్యాలు ఎత్తుకుంటే కండ్లనీళ్లు పెట్టుకోనోడు ఉండడు. ఆ సీను తర్వాత ఏమైతది? రాజు కొడుకును చంపిందని చంద్రమతి మీద నేరం మోపుతరు. తప్పు ఆమెది కాదు. కాటికాపరి హరిశ్చంద్రుడే పెండ్లాం మెడ మీద కత్తి ఎత్తాలె. అప్పుడు దేవుళ్లు దిగివచ్చి కాపాడుతరు. మేము చిన్నప్పుడు చప్పట్లు కొట్టినం. ఇప్పుడు అనిపిస్తది, ఆమె నిజంగా కాటికాపరి భార్యే అయితే ఏ దేవుడు దిగివచ్చేవాడు?

చరిత్రకు వద్దాం. మన కృష్ణ దాటి, తుంగభద్ర దాటి పోతే కోయిలకుంట్ల. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ వాళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని అక్కడ ఉరి తీసిన్రు. తలను 1877 దాకా, ముప్పై ఏండ్లు, కోటకు వేలాడదీసి ఉంచిన్రు. జనం చూసి జడుసుకోవాలని. జనం జడుసుకోలే, పాట కట్టిన్రు. ఆయన వెంట నడిచిన బోయోళ్లు, చెంచులు ఎందరో. వాళ్ల పేర్లు పాటలోకి సరిగా ఎక్కలే. పాటలో కూడా కుర్చీలు ఉంటయని అప్పుడే తెలిసింది మాకు.

తెలంగాణ సాయుధ పోరాటం ముగిసే వేళ పన్నెండుగురు రైతుబిడ్డలకు ఉరి వేసిన్రు. నల్లా నర్సింహులు వాళ్లలో ఒకడు. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే వకీలు వచ్చి వాదించిండు, దేశదేశాల్లో ఆందోళన లేచింది, చివరికి ఉరి యావజ్జీవమైంది. ఇరవై నాలుగేండ్లకు అట్ల కాలేదు. ఆదిలాబాద్ జిల్లా భూమయ్యను, కల్లుగీత కులంలో పుట్టిన కిష్టాగౌడ్‌ను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీసిన్రు. అప్పుడు ఎమర్జెన్సీ. సభ పెట్టరాదు, పత్రిక రాయరాదు. ఆ జైలు ఇప్పుడు లేదు, అక్కడ గాంధీ ఆసుపత్రి ఉంది. మన పాలమూరు నుంచి రోగులను తీసుకపోయినోళ్లు ఆ నేల మీదనే చాపలు పరుచుకొని పడుకున్నరు.

ఇక మన అసలు సంగతి. 1993 మార్చి 8న గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర బస్సును దోచుకోవడానికి ఇద్దరు పిల్లలు ఎక్కిన్రు. పెట్రోలు చల్లిన్రు, మంట లేచింది. 23 మంది కాలి చచ్చిపోయిన్రు. దీన్ని మేము చిన్నది చేసి చెప్పం. బస్సుల పోయేది కూడా మనలాంటోళ్లే. చలపతి, విజయవర్ధనం ఇద్దరూ దళితులు, ఇరవైల్ల ఉన్నోళ్లు. 1995లో గుంటూరు కోర్టు ఉరి వేసింది. 1996లో సుప్రీంకోర్టు దాకా అదే తీర్పు నిలబడింది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష కాదన్నడు. 1997 మార్చి 29న రాజమండ్రి జైల్లో ఉరికి ముహూర్తం పెట్టిన్రు. పౌరహక్కుల వాళ్లు, దళిత సంఘాల వాళ్లు ఊరూరా తిరిగిన్రు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి సుప్రీంకోర్టు తలుపు తట్టింది. కొన్ని గంటల ముందు ఉరి ఆగింది. తర్వాత కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు, 1998లో, అది యావజ్జీవమైంది. ఆ కుర్చీల కూసున్న మొదటి దళితుడు ఆయన.

ఇప్పుడు పక్కనే చుండూరును పెట్టి చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపిన్రు. పొరపాటున కాదు, పొలాల వెంట తరిమి తరిమి. తీర్పు రావడానికి పదహారేండ్లు పట్టింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. బస్సు కేసులో బస్సు తగలబడిననాటి నుంచి ఉరి ముహూర్తం దాకా నాలుగేండ్లు. చుండూరుల పదహారేండ్లకు మొదటి తీర్పు. తాడు ఎవరి దిక్కు ఉరుకుతదో, ఎవరి దిక్కు నత్తలెక్క నడుస్తదో మీరే లెక్కగట్టండి.

ఇది మా ఊహ కాదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఉరిశిక్ష పడ్డ ఖైదీల దగ్గరికి జైలు జైలుకూ పోయి మాట్లాడి, 2016లో నివేదిక తెచ్చిన్రు. నాలుగింట మూడు వంతుల మంది పేదోళ్లు. దళితులు, ఆదివాసులు కలిపి నాలుగో వంతు దగ్గర. భూస్వాములు ఎందరున్నరో వెతుక్కోవాలె.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎన్నడో అన్నడు. 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో ఉరి కేసుల అప్పీళ్ల మీద చర్చ నడుస్తున్నప్పుడు, అప్పీళ్ల సంగతి కన్నా అసలు ఉరిశిక్షనే ఎత్తివేయడం మేలని చెప్పిండు. ఆయన మాట నెగ్గలే.

అందుకని అవ్వకు మా జవాబు ఇది. చుండూరుల లేనిది తాడు కాదమ్మా. నిక్కచ్చిగా దర్యాప్తు చేసే పోలీసు లేడు, సాక్షికి కాపలా లేదు, సాక్షి చెప్పిన మాటను పై కోర్టు నమ్మలేదు. హంతకులకు శిక్ష పడాలె, పూర్తిగా పడాలె, బెయిలు మీద ఊర్లకు వచ్చి మీసం తిప్పరాదు. దానికోసం కొట్లాడుదాం. తాడు కోసం కొట్లాడితే, అది తయారైనంక మన పిలగాని మెడకే ముందు వస్తది. అవ్వ ఇవాళ కూడా ముందు వరుసల కూసున్నది. మా మాటకు ఆమె తల ఊపలేదు. ఆమె కోపం ఆమెది, దాన్ని తప్పు పట్టం.

పని సంగతి ఒకటి చెప్పి దిగుతం. ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, జైల్ల ఉన్నోళ్లకు సంపాదనతో పని లేకుండా సర్కారు ఖర్చుతో వకీలును పెట్టాలని 1987 నాటి చట్టం ఉంది. ఊర్లల్ల చాలా మందికి తెల్వదు. కేసు పడ్డ మొదటి రోజే అడగాలె, కాయితం మీద రాసి ఇయ్యాలె, రసీదు తీసుకోవాలె. మీ మీ ఊర్ల నుంచి జైలుకు పోయినోళ్ల పేర్లు, ఏ కేసు, ఏ తారీఖున పట్టుకున్నరు, వకీలు ఉన్నడా లేడా, ఇవన్నీ రాసుకొని వచ్చే సభకు తేండ్రి. రాయ రానోళ్లు నోటితో చెప్పినా సరే, మేము రాసుకుంటం.