ముఖంలో ఏమీ కనిపించదు... మరి మెదడులో? | ఆటిజం లక్షణాలు, నెగెటివ్ ఎమోషన్స్

 

మీ క్లాస్‌లోనో, ఆఫీసులోనో ఇలాంటివాళ్ళు ఒకరైనా ఉంటారు. ఎవరైనా గట్టిగా తిట్టినా ముఖంలో కదలిక ఉండదు. పక్కన ఎవరైనా ఏడుస్తుంటే అలా నిలబడిపోతారు. కళ్ళలోకి చూసి మాట్లాడరు. మనం ఏమంటాం? "వీడికి ఫీలింగ్సే లేవురా, బండరాయి!" అంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో ఈరోజు చూద్దాం.

ముందు ఒక క్లారిటీ. ఆటిజం లక్షణాలు కొందరిలో తక్కువ, కొందరిలో ఎక్కువ ఉంటాయి. ఆటిజం అని నిర్ధారణ కానివాళ్ళలో కూడా ఉండొచ్చు. వీటిని కొలవడానికి 2001లో కేంబ్రిడ్జ్‌లో సైమన్ బారన్-కోహెన్ టీమ్ ఏక్యూ అని 50 ప్రశ్నల టెస్ట్ తయారు చేసింది. అందులో సైన్స్, మ్యాథ్స్ స్టూడెంట్స్‌కి ఆర్ట్స్ వాళ్ళకంటే స్కోరు ఎక్కువొచ్చింది. బీటెక్ బ్యాచ్, నవ్వకండి! స్కోరు ఎక్కువొస్తే ఆటిజం ఉన్నట్టు కాదు. అది నిపుణులు తేల్చాల్సిందే.

ఇప్పుడు మెదడులోకి వెళ్దాం. లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డాలా అని ఒక భాగం ఉంటుంది. భయం, ప్రమాదం లాంటివాటికి వెంటనే స్పందించేది ఇదే. 2017లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ రీసెర్చర్లు ఆటిజం ఉన్నవాళ్ళకి, లేనివాళ్ళకి ముఖాలు చూపిస్తూ ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ చేశారు. ఇష్టమొచ్చినట్టు చూడమన్నప్పుడు పెద్ద తేడా లేదు. కళ్ళ దగ్గరే చూడమన్నప్పుడు మాత్రం, ఆటిజం ఉన్నవాళ్ళలో అమిగ్డాలాతో పాటు దానితో కలిసి పనిచేసే లోపలి భాగాలు బాగా ఎక్కువ స్పందించాయి. భయపడుతున్న ముఖాలకైతే మరీనూ.

అర్థమైందా? కళ్ళు తిప్పుకునేది పట్టక కాదు, తట్టుకోలేక కావచ్చు. ఫోన్ స్క్రీన్ ఆఫ్‌లో ఉంటుంది, జేబులో మాత్రం కాలిపోతుంటుంది. ఇదీ అంతే.

ఇంకో విషయం. తనకి వస్తున్నది కోపమో, బాధో, భయమో తనకే పేరు పెట్టి చెప్పలేకపోవడాన్ని అలెక్సిథీమియా అంటారు. "ఏమైంది?" అంటే "ఏమో, కడుపులో తిప్పుతోంది" అంటారు. పాత అధ్యయనాలన్నీ కలిపి 2019లో లెక్కేస్తే, ఇది ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందిలో కనిపించింది. లేనివాళ్ళలో 5 శాతమే. అంటే ఫీలింగ్ ఉంటుంది, దానికి మాట దొరకదు.

నేను జాబ్ చేసేటప్పుడు మా టీమ్‌లో ఒకబ్బాయి ఉండేవాడు. మీటింగ్‌లో అందరి ముందూ తిడుతుంటే కిందికి చూస్తూ కూర్చున్నాడు. "నా వైపు చూసి మాట్లాడు" అని ఇంకా అరిచారు. ఆ రాత్రి అతను నాకు ఓ పెద్ద మెసేజ్ పెట్టాడు. మీటింగ్‌లో అన్న ప్రతి మాటా పొల్లుపోకుండా అందులో ఉంది. మూడు రోజులు నిద్రపోలేదు. అతనికి ఆటిజం ఉందో లేదో నాకు తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. "పట్టించుకోడు" అన్న ముద్ర మాత్రం తప్పు.

స్కాన్‌లో తేలేది గ్రూపుల సగటు. మనిషి మనిషికీ తేడా ఉంటుంది. అందుకే మనం చేయగలిగినవి చిన్నవే. "కళ్ళలోకి చూడు" అని బలవంతం చేయకండి. వెంటనే జవాబు రాకపోతే కాస్త ఆగండి. మాటల్లో చెప్పలేకపోతే మెసేజ్ పెట్టమనండి. "ఎలా ఫీలవుతున్నావ్?" బదులు "ఇప్పుడు ఒంటరిగా ఉంటావా, పక్కన కూర్చోనా?" అని అడగండి. దానికి జవాబు చెప్పడం తేలిక.

ఇదంతా మీ గురించే అనిపిస్తే, ఆన్‌లైన్ టెస్ట్‌తో ఆగిపోకండి, క్లినికల్ సైకాలజిస్ట్‌ని కలవండి. మీ ఫ్రెండ్ గురించి అనిపిస్తే, "బండరాయి" అన్న మాట ఈరోజే మానేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!