కుక్కల, పిల్లుల నోటి జబ్బులు, గొంతు జబ్బులు
(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



నేను సస్యశాస్త్రము బోధించేవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. వరి గురించో మినుము గురించో చెప్పవలసినవాడు కుక్కల నోళ్ళ గురించి చెప్పుట ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. రెండు నెలల క్రిందట ఒక ఊరిలో మినుము పైరు మీద మాట్లాడి, కాగితాలు సర్దుకొనుచుండగా ఒక పెద్ద రైతు నా దగ్గరకు వచ్చినాడు.

"సారూ, మా కుక్క రెండు రోజులనుంచి నోరు మూయడం లేదు. చొంగ కారుతోంది. నీళ్ళు గొంతు దిగడం లేదు. ఎముక అడ్డం పడినట్టుంది. నిన్న వేళ్ళు పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. ఇవాళ ఇంకా లోపలికి పెట్టి చూద్దామనుకుంటున్నా" అన్నాడు.

"బాబాయ్ గారూ, దానికి పిచ్చికుక్క టీకా వేయించారా?" అని అడిగినాను.

"మా కుక్క గడప దాటదండీ" అన్నాడు.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆయన చేతివైపు చూసినాను. చూపుడు వేలి మీద కొడవలి గాటు ఇంకా మానలేదు. ఆ గాటు కోసమే ఈనాడు ఈ విషయము ఎత్తుకొన్నాను.

పిచ్చికుక్క అనగానే మనకు కనబడినవారినల్లా కరచుచు పరుగెత్తే కుక్క జ్ఞాపకము వచ్చును. ఆ రకము ఉన్నది. కాని రెండవ రకము ఒకటి కలదు. అది కరవదు, మొరగదు. మంచము క్రిందికో గడ్డివాము చాటుకో పోయి పడుకొనును. క్రింది దవడ వ్రేలాడబడును, నాలుక బయటకు వచ్చును, చొంగ తీగలుగా కారును. చూచేవారికి జాలి వేయును గాని భయము వేయదు. ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది.

కారణము ఏమనగా, రేబిస్ విషక్రిమి కరచిన గాయమునుండి నరముల వెంట ప్రాకి మెదడు చేరును. అక్కడనుండి మరల నరముల వెంటనే లాలాజల గ్రంథులలోకి దిగును. దవడను, గొంతును కదిలించే కండరములు చచ్చుబడును. మ్రింగలేని కుక్క నోటినుండి చొంగ కారక ఏమగును? ఆ చొంగలోనే విషక్రిమి ఉన్నది. వ్యాధి పైకి కనబడుటకు కొన్ని రోజుల ముందునుంచే ఉండును. ఆ చొంగ గీతపడిన చర్మమునకు గాని, కంటికి గాని, నోటికి గాని తగిలిన చాలును, కాటు అక్కరలేదు. మనిషికి వ్యాధి లక్షణములు పైకి వచ్చిన తరువాత బ్రతికించే వైద్యము నేటికిని లేదు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు, 1999లో, మా ఇంటి కుక్కకు ఇట్లే అయినది. మా చిన్నాన్న ధైర్యవంతుడు. కుక్క నోటిలో చెక్క అడ్డము పెట్టి మోచేయి దాక చెయ్యి దూర్చినాడు. ఎముక లేదు. మూడవ నాడు కుక్క చచ్చినది. అప్పుడు పొట్ట చుట్టూ పొడిచే పాతరకము సూదులు ఉండేవి. ఆయనకు, మా నాయనమ్మకు, నాకు వరుసగా ప్రతిరోజు వేసినారు. మధ్యలో కుప్ప నూర్పిడి వచ్చి చిన్నాన్న మానివేయబోయినాడు. నాయనమ్మ గట్టున నిలబడి కేకలు వేసి ఆయనను బండి ఎక్కించినది. ముగ్గురము బ్రతికినాము. ఆ పాత టీకా తయారీ మన దేశములో 2004తో ఆగిపోయినది. నేటి సూదులు భుజమునకు వేయుదురు, నాలుగైదు చాలును. ఆనాటి బాధ తెలిసినవాణ్ణి గనుక, నేటి సూదికి జంకేవారిని చూస్తే నాకు కొంత కోపము వచ్చును.

నిజముగా ఎముక ఇరుక్కొనుట లేదా అందురేమో. లేకేమి! పై దవడ వెనుక పళ్ళ నడుమ, అంగిలికి అడ్డముగా ఎముక ముక్క బిగుసుకొనుట తరచుగా జరిగేదే. అట్టి కుక్క తిండి తినుచుండగానే హఠాత్తుగా విలవిలలాడును. ముందు కాళ్ళతో మూతి గోకుకొనును, మూతిని నేలకు రాయును. పిచ్చి పట్టిన కుక్కకు ముందు రెండు మూడు రోజులు స్వభావము మారును, మొరుగు బొంగురుపోవును, మూతి గోకుకొనుట సాధారణముగా ఉండదు. అయితే ఈ తేడాలు విని, "ఇది ఎముకే" అని తేల్చుకొని చెయ్యి పెట్టవద్దు. తేల్చవలసినవాడు పశువైద్యుడు. కుక్కను గొలుసుతో కట్టి, పిల్లలను దూరముగా ఉంచి ఆయనకు కబురు చేయవలెను. నూనె, మజ్జిగ గొట్టముతో పోయవద్దు. మ్రింగలేని గొంతులో పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును.

గేదెలకు, ఆవులకు కూడ ఇదే హెచ్చరిక. మేత మ్రింగలేక, చొంగ కార్చుచు, ఆగకుండా అరచే గేదెకు గొంతులో ఏదో పడినదని చెయ్యి దూర్చినవారు ఎందరో ఉన్నారు. ఆ గేదెను ఏ కుక్కయినా కరచినదేమో ముందు ఆలోచించవలెను.

ఇక తక్కిన జబ్బులు. ఇంటి కుక్క నోరు కంపు కొట్టుట సహజమని చాలమంది అనుకొందురు. అది సహజము కాదు. పళ్ళకు గార పట్టి, చిగుళ్ళు వాచి, చీము చేరినదని అర్థము. కుక్కకు 42 పళ్ళు, పిల్లికి 30. వీటిలో పై దవడలోని పెద్ద పన్ను వేరు చీము పట్టినచో కంటి క్రింద వాపు వచ్చి పగులును. రైతు దానిని దెబ్బ అనుకొని నెలల తరబడి మందు పూయును. మానినట్టే మాని మరల పగులును. పన్ను తీయించనిదే అది పోదు. మన పళ్ళపొడి, పేస్టు కుక్కకు వాడవద్దు. ఉడికిన కోడి ఎముకలు ముక్కలై గ్రుచ్చుకొనును గనుక వేయవద్దు.

కుక్కపిల్లల పెదవుల మీద, నాలుక మీద పులిపిర్లు వచ్చినచో కంగారు పడనక్కరలేదు. కొన్ని వారములలో, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలలో వాటంతట అవే రాలిపోవును. చిగుళ్ళు తెల్లగా పాలిపోయినచో అది నోటి జబ్బు కాదు; గోమార్ల వలన వచ్చే జ్వరమో, కడుపులో కొంకి పురుగులో ఉండవచ్చును.

పిల్లులలో, ముఖ్యముగా పిల్లికూనలలో, జలుబుతో పాటు నాలుక మీద పుండ్లు పడే అంటువ్యాధి ఉన్నది. మనుష్యులకు అంటదు. నోరు మంట వలన తిండి మానివేయును. రెండు మూడు రోజులు తినని పిల్లికి కాలేయము చెడిపోవును గనుక, గోరువెచ్చని చేపల పులుసునీరు వంటిది, ఉప్పు కారము లేకుండా, పెట్టి చూచి ఆలస్యము చేయక డాక్టరుకు చూపవలెను. జ్వరము అని మనుష్యుల పారాసెటమాల్ బిళ్ళ ఇచ్చితిరా, పిల్లి చచ్చును. పిల్లి నాలుక క్రింద దారము కనబడినచో లాగవద్దు. రెండవ కొన ప్రేగులలో ఉండవచ్చును. లాగినచో ప్రేగు కోసుకొనిపోవును.

ఇప్పుడు నా శాస్త్రమునకు సంబంధించిన మాట ఒకటి. పురుగుమందు కలిపిన బకెట్టు నాకిన కుక్క కూడ చొంగ కార్చును. కంటిపాప సూదిమొనవలె చిన్నదగును, ఒళ్ళు వణకును, విరేచనములగును. అది గంటలలో చంపేది. మందు డబ్బా వెంటబెట్టుకొని పశువైద్యశాలకు పోవలెను. ఖాళీ డబ్బాలను గట్టు మీద పారవేయవద్దని పైర్ల సభలలో ఎట్లును చెప్పుచునే ఉన్నాను.

చొంగ తగిలినచో ఏమి చేయవలెను? పంపు క్రిందనో, చెంబుతో పోయుచునో సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. గడియారము చూచి కడగండి, లేనిచో రెండు నిమిషములకే చాలుననిపించును. కారము, సున్నము, పసరు పెట్టవద్దు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి పోవలెను. అక్కడ సూదులు ఉచితము. మొదటి సూది వేసిన దినమును సున్నగా లెక్కించి 3, 7, 28 దినములకు చర్మములో వేయుదురు. కండలో వేసే పద్ధతిలో 14వ దినమున మరొకటి ఉండును. తెగిన చర్మమునకు తగిలినచో గాయము దగ్గర వేసే వేరే మందు కూడ ఉన్నది. దానిని అడిగి వేయించుకొనవలెను. కుక్కకు మూడవ నెలలో టీకా, నెల తరువాత మరొకటి, ఆ పిమ్మట ఏటేట. పిల్లికి కూడ వేయించవలెను.

ఆ పెద్ద రైతు ఆ సాయంత్రమే మొదటి సూది వేయించుకొన్నాడు. కుక్క మరునాటి రాత్రి చచ్చినది. డాక్టరుగారు పరీక్షకు పంపగా మెదడులో రేబిస్ ఉన్నదని తేలినది. పోయిన నెల ఆయన ఫోను చేసి, 28వ దినపు సూది కూడ అయినదని చెప్పి, మినుములో పల్లాకు తెగులు కనబడుతున్నది, ఏమి చేయమంటారని అడిగినాడు.